ఈ పేపర్ ఎవరిది, ఆ ఛానల్ ఎవరిది? మీడియా కంపెనీల యాజమాన్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి ఈ ప్రశ్నలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. అడిగేవాళ్లలో మండల విలేకరులు, యాడ్ డబ్బులు కట్టే షాపుల వాళ్లు, గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు ఉన్నారు. పొద్దున్నే చాయ్ హోటల్లో పేపర్ విప్పి ‘ఇది ఫలానా పార్టీది’ అని వాదన పెట్టుకునేవాళ్లు సరేసరి. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచి చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పిన రికార్డులన్నీ ఎవరైనా చూడగలిగేవే. కొన్నింటికి కొద్దిగా రుసుము ఉంటుంది, అంతే.

## మొదటి దశ: పేరు పట్టుకోవడం

పేపర్ ఎవరిదో పేపర్లోనే రాసి ఉంటుందా?

ఉంటుంది. మెయిన్ ఎడిషన్ చివరి పేజీ అడుగునో, లోపలి పేజీ అడుగునో, కళ్లద్దాలు లేకపోతే కనబడనంత చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. దాన్ని ఇంప్రింట్ లైన్ అంటారు. ‘ఫలానా కంపెనీ తరఫున ఫలానా వ్యక్తి, ఫలానా ప్రెస్సులో ముద్రించి, ఫలానా చోటు నుంచి ప్రచురించారు, ఎడిటర్ ఫలానా’ అనే వరసలో సాగుతుంది. ఎడిటర్ పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ‘వార్తల ఎంపికకు చట్ట ప్రకారం బాధ్యులు’ అని కూడా వేస్తుంటారు. మనకు కావాల్సింది ‘తరఫున’ అన్న మాటకు ముందున్న పేరు. అదే యజమాని కంపెనీ.

దాని దగ్గరే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉంటుంది. ఏపీటీఈఎల్ అని మొదలైతే ఆంధ్రప్రదేశ్ పేరు మీద నమోదైన తెలుగు పత్రిక, అంటే చాలావరకు రాష్ట్ర విభజనకు ముందుది. టీఈఎల్‌టీఈఎల్ అని ఉంటే మొదటి మూడక్షరాలు తెలంగాణకు, తర్వాతి మూడు తెలుగు భాషకు. గీత తర్వాత ఉండేది నమోదైన సంవత్సరం. ‘పాతికేళ్లుగా పాఠకుల సేవలో’ అని బోర్డు పెట్టుకున్న పత్రిక అసలు వయసు అక్కడ బయటపడుతుంది. జిల్లా టాబ్లాయిడ్‌లో మాత్రం వెతికి లాభం లేకపోవచ్చు. అది మెయిన్‌తో కలిపి ఇచ్చే అనుబంధం కాబట్టి వివరాలన్నీ మెయిన్‌లోనే వేస్తారు.

మార్చి మొదట్లో ‘ఫారం 4’ అని ఒక డబ్బా వేస్తారు. అదేంటి?

యాజమాన్యం గురించి పత్రిక స్వయంగా ఇచ్చుకునే వాంగ్మూలం అది. 1867 నాటి ప్రెస్ చట్టం, 1956 నాటి నిబంధనల కింద, ప్రతి ఏడాది ఫిబ్రవరి ఆఖరు తర్వాత వచ్చే మొదటి సంచికలో దీన్ని వేయాల్సి ఉండేది. ప్రచురణ స్థలం, ముద్రాపకుడు, ప్రచురణకర్త, ఎడిటర్, వాళ్ల జాతీయత, చిరునామా అన్నీ వరసగా ఉంటాయి. ఆఖరి అంశం అసలైనది: పత్రిక యజమానులు, మొత్తం మూలధనంలో ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ల పేర్లు.

ఆ చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పత్రికలను నమోదు చేసే కేంద్ర కార్యాలయం ఆర్‌ఎన్‌ఐ పేరు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌గా మారింది, దరఖాస్తులన్నీ ప్రెస్ సేవా పోర్టల్‌కు వెళ్లాయి. అయినా పాత ఫారం 4 డబ్బాల విలువ తగ్గలేదు. పదేళ్ల కిందట ఎవరికి ఎంత ఉందో తెలియాలంటే జిల్లా గ్రంథాలయానికి వెళ్లి పాత మార్చి సంచికలు తిరగేయాలి. ఒకే పత్రికవి నాలుగైదేళ్ల డబ్బాలు పక్కపక్కన పెట్టుకుంటే ఏ పేరు ఎప్పుడు మాయమైందో, ఏ కంపెనీ ఎప్పుడు దూరిందో దానంతట అదే కనబడుతుంది. నన్నడిగితే ఇంత చవకైన పరిశోధన ఇంకొకటి లేదు.

పేపర్ పేరు ఒకటి, కంపెనీ పేరు ఇంకొకటి. ఎందుకలా?

పత్రిక పేరు అనేది కంపెనీకి ఉన్న ఒక ఆస్తి మాత్రమే. కంపెనీ వేరే పేరుతో పుట్టి ఉండొచ్చు, దాని కింద నాలుగు వ్యాపారాలు ఉండొచ్చు. ఈనాడు వెనక ఉన్నది ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్. సాక్షి దినపత్రికది జగతి పబ్లికేషన్స్, కానీ సాక్షి టీవీది ఇందిరా టెలివిజన్. ఆంధ్రజ్యోతిది ఆమోదా పబ్లికేషన్స్. నమస్తే తెలంగాణది తెలంగాణ పబ్లికేషన్స్, టీ న్యూస్‌ది తెలంగాణ బ్రాడ్‌కాస్టింగ్. టీవీ9ది అసోసియేటెడ్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, ఎన్‌టీవీది రచనా టెలివిజన్, వీ6ది వీఐఎల్ మీడియా.

ఒకే పేరుతో నడిచే పేపర్, టీవీ రెండు వేర్వేరు కంపెనీల్లో ఉండటం మామూలే. ఒకదాంట్లో నష్టమొస్తే రెండోదానికి అంటకుండా, ఒకదాంట్లోకి పెట్టుబడి తెచ్చినా రెండోదాని మీద పట్టు పోకుండా అలా విడగొడతారు. అందుకే ‘సాక్షి లాభమెంత?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు, ఏ కంపెనీ లెక్క అని తిరిగి అడగాలి.

ఎడిటరే ఓనరా?

కొన్నిచోట్ల అవును. చిన్న పత్రికల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, ఎడిటర్, యజమాని నలుగురూ ఒక్కరే. పెద్ద పత్రికల్లో ఎడిటర్ చాలావరకు జీతగాడు. పరువునష్టం కేసు పడితే మొదట కోర్టు మెట్లెక్కేది ఆయనే, లాభం పంచుకునేది మాత్రం వాటాదారులు.

ఛానల్‌కు ఇంప్రింట్ లైన్ ఉండదు కదా, మరెలా?

శాటిలైట్ ఛానల్ నడపాలంటే కేంద్ర సమాచార, ప్రసార శాఖ అనుమతి తప్పనిసరి. ఆ శాఖ అనుమతి ఇచ్చిన ఛానళ్ల జాబితా వేస్తుంది. అందులో ఛానల్ పేరు, కంపెనీ పేరు, వార్తా ఛానలా వినోద ఛానలా అన్నది ఉంటాయి. పాత జాబితాల్లో ఒక ఛానల్ మూడు పేర్లు మార్చుకుని ఉన్నా కంపెనీ పేరును బట్టి గుర్తుపట్టొచ్చు. మన ఊరి కేబుల్‌లో మాత్రమే వచ్చే లోకల్ ఛానల్ ఈ జాబితాలో ఉండదు, అది కేబుల్ ఆపరేటర్ నడిపించుకునేది.

## రెండో దశ: కాగితాలు తీయడం

కంపెనీ పేరు తెలిసింది. ఇప్పుడెక్కడికి పోవాలి?

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌కు. అందరూ ఎంసీఏ అంటారు. లాగిన్ చేసుకుంటే డైరెక్టర్ల పేర్లు, రిజిస్టర్డ్ ఆఫీసు, మూలధనం, తాకట్ల జాబితా ఉచితంగా కనబడతాయి. 100 రూపాయల రుసుము కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కూడా తెరుచుకుంటాయి.

అందులో పేజీలకు పేజీలు ఉంటాయి, అన్నీ చదవాలని కూర్చుంటే ఓపిక పోతుంది. నేనైతే మొదట ఎంజీటీ-7 తీస్తాను. అది వార్షిక రిటర్ను, దానికి జతచేసిన వాటాదారుల జాబితానే మనకు కావాల్సింది. తర్వాత ఏఓసీ-4, అంటే బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల లెక్క. అందులోనూ ముందు చివరి నోట్సులో ‘సంబంధిత పార్టీలతో లావాదేవీలు’ అన్న భాగం చూడండి. యజమానికే చెందిన ఇంకో కంపెనీ నుంచి యాడ్లు ఎంత వచ్చాయి, అద్దె ఎంత పోయింది, అప్పు ఎవరిచ్చారు అన్నది అక్కడ రాయక తప్పదు. సాధారణంగా సెప్టెంబర్ 30 లోపు వార్షిక సమావేశం జరగాలి. ఆ తర్వాత 30 రోజుల్లో లెక్కలు, 60 రోజుల్లో రిటర్ను దాఖలు చేయాలి. కాబట్టి డిసెంబర్ దాటాక వెతికితే గడిచిన ఆర్థిక సంవత్సరానివి దొరికే అవకాశం ఎక్కువ.

సీఐఎన్ అని పొడవాటి నంబర్ ఉంది. దాన్నుంచి ఏమన్నా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. అది కంపెనీ గుర్తింపు సంఖ్య. మొత్తం 21 అక్షరాలు, అంకెలు. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ, యూ అయితే కానిది. తర్వాతి ఐదంకెలు వ్యాపారం రకం. ఆ తర్వాత రెండక్షరాలు రాష్ట్రం, తెలంగాణకు టీజీ. తర్వాత నాలుగంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. పీటీసీ అంటే ప్రైవేట్, పీఎల్‌సీ అంటే పబ్లిక్ లిమిటెడ్. ఆఖరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ సంఖ్య.

వ్యాపారం రకం అంకెలు కొన్నిసార్లు నవ్వు తెప్పిస్తాయి. వార్తా ఛానల్ నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్ కోడ్ కిందో, రియల్ ఎస్టేట్ కోడ్ కిందో ఉండొచ్చు. మోసమని వెంటనే అనుకోకండి. ఏదో పని కోసం పుట్టి ఖాళీగా ఉన్న కంపెనీని తీసుకుని అందులో ఛానల్ పెట్టడం మామూలు విషయం.

స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే?

పని తేలిక. లిస్టెడ్ కంపెనీ ప్రతి మూడు నెలలకు, ఆ త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో, వాటాల పట్టిక బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈలకు ఇవ్వాలి. ప్రమోటర్ల (అంటే కంపెనీని పెట్టి నడిపించేవాళ్ల) వాటా, ఒక శాతం దాటిన బయటి వాటాదారుల పేర్లు, తాకట్టులో ఉన్న షేర్లు అన్నీ ఉచితంగా చూడొచ్చు. జెమినీ టీవీ యజమాని సన్ టీవీ నెట్‌వర్క్ అలాంటిది, అందులో కళానిధి మారన్‌కు 75 శాతం ఉంది. జీ తెలుగు యజమాని జీ ఎంటర్‌టైన్‌మెంట్ కూడా లిస్టెడే. మన తెలుగు వార్తా కంపెనీల్లో ఎక్కువ భాగం మాత్రం లిస్ట్ కానివి, వాటికి ఎంసీఏ రికార్డులే దిక్కు.

సమాచార హక్కు కింద అడిగితే పత్రిక యాజమాన్యం చెప్పాల్సిందేనా?

ప్రైవేట్ కంపెనీని నేరుగా అడగలేరు, అది ప్రభుత్వ సంస్థ కాదు. దారి వేరే ఉంది. ప్రభుత్వం ఏ పత్రికకు, ఏ ఛానల్‌కు ప్రకటనల కింద ఎంత చెల్లించిందో సమాచార, పౌర సంబంధాల శాఖను అడగొచ్చు. పెద్ద ప్రకటనల లెక్క హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గర సమాచార భవన్‌లో ఉంటుంది, కాబట్టి దరఖాస్తు అక్కడి పౌర సమాచార అధికారికే పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో, సంస్థల వారీగా, ఏ బిల్లు ఎవరి పేరున చెల్లించారు’ అని అడగండి. ‘ఎవరి పేరున’ అన్న మాట వదిలేస్తే పత్రిక పేర్లతోనే జవాబు వస్తుంది, కంపెనీ పేరు రాదు.

మా నాయకుడికి ఆ ఛానల్‌లో వాటా ఉందని అందరూ అంటారు. రుజువెట్లా?

ఎన్నికల్లో పోటీ చేసినవాళ్లు అయితే అఫిడవిట్ చూడండి. ఫారం 26లో అభ్యర్థి, జీవిత భాగస్వామి, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల షేర్లు, కంపెనీలకు ఇచ్చిన అప్పులు రాయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో నామినేషన్‌తో పాటు అవి ఉంటాయి. అందరూ ఆస్తుల మొత్తం ఎన్ని కోట్లని చూసి వదిలేస్తారు. మీరు కదిలే ఆస్తుల పట్టికలో షేర్ల వరుస దగ్గర ఆగండి. లిస్ట్ కాని కంపెనీ పేరు కనబడితే ఎంసీఏలో వెతకండి.

సొంతంగా సంపాదించుకునే కొడుకు, అల్లుడు, బామ్మర్ది ఆధారపడినవాళ్ల కిందికి రారు కాబట్టి వాళ్ల వాటాలు అఫిడవిట్‌లో ఉండవు. చాయ్ హోటల్ ముచ్చట్లలో సగం ఈ ఖాళీలోంచే పుడతాయి. పేరు కాగితం మీద లేనంతకాలం అది ముచ్చటే.

కొన్ని సంబంధాలు దాచుకున్నవి కావు, బహిరంగమే. సాక్షి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కుటుంబానిదని అందరికీ తెలుసు. తెలంగాణ పబ్లికేషన్స్ నడిపిన దీవకొండ దామోదర్ రావు 2022లో టీఆర్‌ఎస్ తరఫున రాజ్యసభకు వెళ్లారు. వీ6 వెనకున్న గడ్డం వివేక్ 2023లో చెన్నూరు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి, 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రి అయ్యారు.

## మూడో దశ: వాటాలు చదవడం

51 శాతం ఉంటేనే ఓనరా?

51 శాతం ఉంటే మామూలు తీర్మానాలన్నీ చేతిలో ఉన్నట్టే. కానీ ముఖ్యమైన నిర్ణయాలకు ప్రత్యేక తీర్మానం కావాలి, దానికి పోలైన ఓట్లలో 75 శాతం పడాలి. కాబట్టి 26 శాతం ఉన్న మనిషి కంపెనీని నడపలేకపోయినా అడ్డుపుల్ల వేయగలడు. చర్చల్లో ‘ఆయనకు పావు వంతే కదా’ అని తీసిపారేసే వాటా అసలు సమయంలో వీటో అవుతుంది.

ఇంకోవైపు, అతి తక్కువ వాటాతో పెత్తనం చేసేవాళ్లూ ఉన్నారు. జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో ప్రమోటర్ల వాటా 4 శాతం లోపే. మిగతాది ఫండ్లు, చిన్న మదుపరుల మధ్య చెదిరి ఉండటం వల్ల నడపడం వాళ్ల చేతిలోనే ఉంది. 2025 జూలైలో వారంట్ల (తర్వాత షేర్లు తీసుకునే హక్కు ఇచ్చే పత్రాల) ద్వారా తమ వాటాను 18 శాతం దాటించుకోవాలని ప్రమోటర్లు తీర్మానం పెట్టారు. దాదాపు 60 శాతం ఓట్లు అనుకూలంగా వచ్చినా 75 శాతానికి చేరక వీగిపోయింది.

వాటాదారుల జాబితాలో మనుషులే లేరు, అన్నీ కంపెనీలే. అసలు మనిషిని ఎట్లా పట్టుకోవాలి?

జాబితాలో ఉన్న ప్రతి కంపెనీని మళ్లీ ఎంసీఏలో వెతకాలి. దాని వాటాదారులూ కంపెనీలే అయితే ఇంకో మెట్టు. మనిషి పేరు వచ్చేదాకా ఇదే పని. నాలుగో మెట్టు దాటితే కాగితం మీద గీసుకోకపోతే తల తిరుగుతుంది.

శాతాలు లెక్కేసేటప్పుడు గుణించాలి. ఒక మనిషికి మొదటి కంపెనీలో 60 శాతం, ఆ కంపెనీకి ఛానల్ కంపెనీలో 60 శాతం ఉందనుకోండి. లాభంలో ఆయన వంతు 36 శాతమే. పెత్తనం మాత్రం పూర్తిగా ఆయనదే, ఎందుకంటే రెండు మెట్లలోనూ మెజారిటీ ఆయనది.

ఒక దగ్గర దారి ఉంది. కంపెనీల చట్టం 90వ సెక్షన్ ప్రకారం, నేరుగా కాకుండా వెనక నుంచి 10 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న మనిషి ఆ విషయం కంపెనీకి చెప్పాలి, కంపెనీ బీఈఎన్-2 ఫారంలో ప్రభుత్వానికి చెప్పాలి. ఎంసీఏ పత్రాల్లో ఆ పేరుతో ఫైల్ కనబడితే ముందు దాన్నే తెరవండి.

అప్పు ఇచ్చినవాడు ఓనర్ అయిపోతాడా?

మామూలు అప్పుతో కాడు. షేర్లుగా మార్చుకునే షరతు ఉన్న అప్పుతో అవుతాడు. దేశం మొత్తం చూసిన ఉదాహరణ ఎన్‌డీటీవీ. ప్రణయ్ రాయ్, రాధికా రాయ్‌ల కంపెనీ ఆర్‌ఆర్‌పీఆర్ హోల్డింగ్‌కు ఎన్‌డీటీవీలో 29.18 శాతం ఉండేది. 2009–10లో ఆ హోల్డింగ్ కంపెనీ విశ్వప్రధాన్ కమర్షియల్ అనే సంస్థ దగ్గర 403.85 కోట్ల రూపాయలు తీసుకుంది. అప్పు ఇచ్చిన సంస్థకు హోల్డింగ్ కంపెనీలో దాదాపు మొత్తం వాటా తీసుకునే హక్కు వారంట్ల రూపంలో ఆ ఒప్పందంలోనే ఉంది. పదమూడేళ్లు ఆ కాగితం అలాగే పడి ఉంది. 2022 ఆగస్టులో అదానీ గ్రూప్ విశ్వప్రధాన్‌ను కొని, ఆ హక్కును వాడుకుంది. ఆ తర్వాత ఓపెన్ ఆఫర్‌లో (మిగతా వాటాదారులందరికీ కొంటామని చెప్పే ప్రకటనలో) వచ్చినవి, రాయ్‌ల దగ్గర నేరుగా కొన్న షేర్లు కలిసి ఆ ఏడాది డిసెంబర్‌కు అదానీ వాటా 64.71 శాతానికి చేరింది.

కాబట్టి బ్యాలెన్స్ షీటులో ‘కంపల్సరిలీ కన్వర్టబుల్ డిబెంచర్లు’, ‘వారంట్లు’ అన్న మాటలు కనబడితే దాటేసి పోకండి. రేపటి యజమాని పేరు అక్కడ ఉండొచ్చు.

స్టార్ మా ఇప్పుడు ఎవరిది?

జియోస్టార్‌ది. 2002లో మా టీవీగా మొదలైంది. 2015లో స్టార్ ఇండియా కొంది. 2019లో స్టార్ కాస్తా డిస్నీ చేతికి వెళ్లింది. 2024 నవంబర్ 14న డిస్నీ, రిలయన్స్ తమ వ్యాపారాలు కలిపేశాయి. ఏర్పాటు నాటి లెక్క ప్రకారం వయాకామ్18కు 46.82, డిస్నీకి 36.84, రిలయన్స్‌కు నేరుగా 16.34 శాతం. వయాకామ్18 కూడా రిలయన్స్ అదుపులోదే, కాబట్టి పగ్గాలు రిలయన్స్ చేతిలో ఉన్నాయి.

ఈటీవీ కథలోనూ రిలయన్స్ పేరు వస్తుంది. 2014 జనవరిలో, తర్వాత రిలయన్స్ చేతికి వచ్చిన టీవీ18, ఈటీవీ ఇతర భాషల వార్తా ఛానళ్లను పూర్తిగా, వినోద ఛానళ్లను సగం కొంది. తెలుగు ఈటీవీలో తీసుకున్నది 24.5 శాతమే. ‘ఈటీవీ మొత్తం అంబానీకి అమ్మేశారు’ అని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం ఇదే.

విదేశీ కంపెనీలు మన పేపర్ కొనేయొచ్చా?

పూర్తిగా కొనలేవు. వార్తా పత్రికల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదు, డిజిటల్ వార్తల్లోనూ అంతే. వార్తా ఛానళ్లలో 49 శాతం. వీటికి కేంద్రం అనుమతి కావాలి. వినోద ఛానళ్లకు 100 శాతం దాకా తలుపులు తెరిచే ఉన్నాయి, అందుకే సీరియల్ ఛానళ్లు చేతులు మారినంత సులువుగా వార్తా ఛానళ్లు మారవు.

## నాలుగో దశ: ఇంకేమేం ఉన్నాయి

ఓనర్‌కు వేరే వ్యాపారాలుంటే మనకేంటి?

ఏ వార్త వస్తుంది, ఏది రాదు అన్నది అర్థం కావాలంటే ఇదే ముఖ్యం. పార్టీ రంగు ఎవరికైనా కనబడుతుంది. సిమెంటు, కాంట్రాక్టులు, చిట్‌ఫండ్ల సంగతి వెతికితేనే తెలుస్తుంది. ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ జవాబు చదవమంటాను.

నల్గొండ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది, కానీ దాన్ని పెట్టిన రామోజీరావు కుటుంబం మొదటి పెద్ద వ్యాపారం 1962 నాటి మార్గదర్శి చిట్‌ఫండ్. తర్వాత ప్రియా పచ్చళ్లు, ఉషాకిరణ్ సినిమాలు, 1995లో ఈటీవీ, 1996లో ఫిల్మ్ సిటీ. పత్రికలో సినిమా కంపెనీ ప్రకటన, సినిమా కంపెనీకి ఛానల్, ఛానల్‌కు స్టూడియో ఇలా ఒకదానికొకటి ఊతంగా నిలిచాయి. 2024 జూన్ 8న రామోజీరావు మరణించాక కూడా ఈ సంస్థలన్నీ కుటుంబం చేతిలోనే ఉన్నాయి.

టీవీ9 మరో రకం. 2018లో ఆ కంపెనీలో సుమారు 90 శాతం వాటాను అలందా మీడియా కొంది. అలందా వెనక ఉన్నది మైహోమ్ జూపల్లి రామేశ్వరరావు, మేఘా ఇంజినీరింగ్ పీవీ కృష్ణారెడ్డి వర్గాలు. రామేశ్వరరావుది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లానే. మైహోమ్ వాళ్ల మహా సిమెంట్ ఫ్యాక్టరీ సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో ఉంది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనులు చేసిన గుత్తేదారుల్లో మేఘా ఒకటి. అంటే మన రెండు పాత జిల్లాల్లో రైతుకు నీళ్లు, కార్మికుడికి కూలి, ఫ్యాక్టరీ దుమ్ము, ఇళ్ల ప్లాట్లు ఏ విషయం మీద వార్త వచ్చినా యజమాని వ్యాపారం ఎక్కడో ఒకచోట తగులుతుంది. అలా తగలడం తప్పని చట్టం చెప్పదు. సిమెంటు ఫ్యాక్టరీ మీద ఆ ఛానల్లో ఏం వచ్చిందో చూసేటప్పుడు, వేరే పేపర్లో అదే రోజు ఏం వచ్చిందో కూడా చూడటం పాఠకుడిగా నా అలవాటు.

కంపెనీకి అప్పులున్నాయో లేదో ఎట్లా తెలుస్తుంది?

ఎంసీఏలో ‘చార్జెస్’ అన్న జాబితా ఉచితంగానే కనబడుతుంది. ఏ బ్యాంకుకు ఏ ఆస్తి తాకట్టు పెట్టారు, ఎంతకు, తీర్చేశారా లేదా అన్నది అందులో ఉంటుంది. ప్రింటింగ్ మిషన్లు, భూములే కాదు, పత్రిక పేరును కూడా తాకట్టు పెట్టొచ్చు. డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ ఈ విషయంలో పాఠం లాంటిది. పత్రిక బాగా నడుస్తున్న కాలంలోనే కంపెనీ ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్ లాంటి వాటిలోకి దిగింది, బ్యాంకు అప్పులు పేరుకుపోయాయి. 2012లో జట్టును బీసీసీఐ రద్దు చేసింది. 2017లో కంపెనీ కంపెనీల కేసులు చూసే హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ ట్రిబ్యునల్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పేపర్ మాత్రం పొద్దున్నే వస్తూనే ఉంది. చదివేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

## ఐదో దశ: చేతులు మారినప్పుడు

మా ఛానల్ అమ్ముడుపోయింది. మా ఊరి రిపోర్టర్ గతేంటి?

ఏం అమ్మారన్నదాన్ని బట్టి ఉంటుంది. షేర్లు అమ్మితే కంపెనీ అదే, పాత బకాయిలు, ఒప్పందాలు కంపెనీ మీదే ఉంటాయి. యజమాని మారాడని జీతం బాకీ మాసిపోదు. పేరు, లోగో, అనుమతి మాత్రమే వేరే కంపెనీకి బదిలీ అయితే పాత బకాయికి పాత కంపెనీనే అడగాలి, ఆ కంపెనీలో అప్పటికి ఏమీ మిగిలి ఉండకపోవచ్చు. అందుకని బదిలీ మాట వినబడగానే అపాయింట్‌మెంట్ కాగితం, ఐడీ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ కాపీలు దాచుకోండి.

పార్టీలు సొంతంగా పేపర్, టీవీ పెట్టుకోవచ్చా?

అడ్డుకునే చట్టం లేదు. ప్రసార రంగంలోకి రాజకీయ పార్టీలను రానివ్వొద్దని టెలికం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో, మళ్లీ 2014 ఆగస్టులో సిఫారసు చేసింది. అవి చట్టం కాలేదు. పత్రికల విషయంలో అయితే పాత సంప్రదాయమే ఉంది. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది, 2015 నుంచి తెలంగాణలో నవ తెలంగాణ. నల్గొండ జిల్లాలో వాటిని పార్టీ పత్రికలని తెలిసే చదివారు, అదొక నయం. పార్టీది కాదని చెప్పుకుంటూ పార్టీ పని చేసేవాటితోనే తంటా.

పేపర్, టీవీ, కేబుల్ అన్నీ ఒక్కరికే ఉండొచ్చా?

ఉండొచ్చు. మన దేశంలో పేపర్, టీవీ రెండూ ఒకరి చేతిలో ఉండకూడదనే చట్టం లేదు. 2014లో ట్రాయ్ పరిమితులు సూచించింది, 2022లో మళ్లీ చర్చాపత్రం వేసింది, అక్కడే ఉంది. 2018లో ఒప్పందం చేసుకుని హాత్‌వే, డెన్ కేబుల్ కంపెనీల్లో మెజారిటీ వాటా రిలయన్స్ కొన్నాక, ఛానలూ దాన్ని మీ ఇంటికి తెచ్చే వైరూ ఒకే గ్రూప్‌వి అయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

## ఆరో దశ: మన దగ్గరి సంగతులు

నల్గొండ, పాలమూరు వాళ్లకు సొంత పత్రిక ఎప్పుడైనా ఉందా?

ఉంది. 1922లో షబ్నవీస్ వేంకటరామ నరసింహారావు నల్గొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. నిజాం పాలనలో, తెలుగు అచ్చు దొరకడమే కష్టమైన రోజుల్లో అది వారపత్రిక. ఇప్పటి గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రికకు అండగా నిలిచిన హైదరాబాద్ కొత్వాల్ (పోలీసు అధిపతి) రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డిదీ పాలమూరు వైపే. డబ్బు పెట్టేవాళ్ల ఆసక్తి, రాసేవాళ్ల స్వేచ్ఛ మధ్య పేచీ అప్పుడూ ఉంది.

నేను స్ట్రింగర్‌ని. నాకు డబ్బులిచ్చేది అసలు ఏ కంపెనీ?

ఐడీ కార్డు మీద లోగో ఉంటుంది, కంపెనీ పేరు ఉండకపోవచ్చు. మీ పాన్ మీద ఆదాయపన్ను సైట్‌లో 26ఏఎస్ తీసి చూడండి. యాడ్ కమీషన్ మీదో, లైన్ అకౌంట్ (అచ్చయిన వార్తలకు లెక్కగట్టి ఇచ్చే డబ్బు) మీదో టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోసి ఉంటే, కోసిన సంస్థ పూర్తి పేరు అక్కడ పడుతుంది. కొందరికి పత్రిక కంపెనీ పేరు బదులు ఏదో మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరు వస్తుంది. అదీ తెలుసుకోవాల్సిన విషయమే, రేపు లేబర్ ఆఫీసులో మొదట అడిగేది అదే. టీడీఎస్ లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు పంపిన ఖాతా పేరు చూడండి.

యూట్యూబ్ ఛానల్ వాళ్లు, చిన్న పేపర్ వాళ్లు షాపుకొచ్చి యాడ్ అడుగుతున్నారు. అసలు వాళ్లెవరో ఎట్లా తెలుసుకోవాలి?

మైక్ మీద లోగో ఉంది కదా అని డబ్బులివ్వకండి, జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు మీది 15 అంకెల జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు రాష్ట్రం, తెలంగాణకు 36. తర్వాతి పదీ పాన్ నంబర్. మొత్తం నంబర్‌లో ఆరో అక్షరం చూడండి: సీ అయితే కంపెనీ, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, టీ అయితే ట్రస్టు, పీ అయితే ఒక్క మనిషి సొంత వ్యాపారం. జీఎస్టీ సైట్‌లో ఆ నంబర్ కొడితే వ్యాపారం పేరు, చట్టబద్ధమైన పేరు రెండూ విడివిడిగా వస్తాయి. పత్రికలో ప్రకటనకు జీఎస్టీ 5 శాతం, టీవీ ప్రకటనకు 18 శాతం. పేపర్ యాడ్‌కు 18 వేస్తే ఎందుకని అడగండి.

చాలా చిన్నవాళ్లకు జీఎస్టీ అవసరం లేని మాట నిజమే. అప్పుడు పేపర్ అయితే రిజిస్ట్రేషన్ నంబర్, యూట్యూబ్ ఛానల్ అయితే 2021 ఐటీ నిబంధనల కింద కేంద్ర సమాచార శాఖకు వివరాలు ఇచ్చారా అని అడగండి. డబ్బు ఫోన్‌పేలో కొట్టేటప్పుడు తెర మీద వచ్చే ఖాతా పేరు, విజిటింగ్ కార్డు మీది పేరు ఒకటేనా కాదా చూసుకుని, తేడా ఉంటే రసీదు మీద ఆ ఖాతా పేరే రాయించుకోండి.